బీట మీద గాజుముక్క

"మళ్ళీ పగిలిందా?" అన్నాడు మేస్త్రీ.

అడిగింది గోడని. పక్కనే కన్నకూతురు నిలబడి ఉన్నా ఆయన చూపు అటు తిరగదు. తన మాట కాదని పెళ్ళి చేసుకున్న రోజునే నీకూ నాకూ చెల్లు అనేశాడు, అన్నాక అన్నట్టే ఉన్నాడు. ఇప్పుడు వంటింటి మూల పునాది కుంగి గోడ బీటవారితే, అల్లుడు కాళ్ళావేళ్ళా పడ్డాక వచ్చాడు. అదీ పనికేనట, చుట్టరికానికి కాదట. అంత పంతం మనిషికి.

పునాది పక్కన కారుతున్న పైపు మార్పించాడు. కింద మెత్తబడ్డ మట్టి తీయించి కాంక్రీటు దట్టించాడు. ఆ తర్వాత బీట మీద అడ్డంగా సన్నటి గాజుముక్క సిమెంటుతో అతికించాడు. అది నిలిస్తే గోడ కుదురుకున్నట్టు, బీట పూడ్చేసి వెళ్ళిపోతాడు. పగిలితే ఇంకా కదులుతున్నట్టు, మళ్ళీ రావాలి.

గోడ ఎప్పుడో కుదురుకుంది. గాజు మాత్రం ఆయన వచ్చే ప్రతిసారికీ పగిలే ఉంటోంది. పగలగొడుతున్నది ఆమే, తలుపుచాటున దాచిన సుత్తితో. ఏం చేస్తుంది మరి? నాన్న గొంతు కోసం మొహం వాచి ఉంది. ఆ గొంతు గోడతో మాట్లాడినా చాలనిపిస్తోంది.

ఇవాళ ఆమె వేలికి గుడ్డకట్టు ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది గానీ, మంచినీళ్ళు అందించేటప్పుడు దాచలేకపోయింది. మేస్త్రీ ఆ కట్టుకేసి చూశాడు. కింద రాలిన గాజుపెంకులకేసి చూశాడు. పట్టేశాడు, ఇవాళే పూడ్చేసి పోతాడు అనుకుంది.

"నాన్నా..."

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, గోడవైపు తిరిగి, వీపు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏదో చేశాడు. సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఆదివారం వస్తా. గాజు నిలిస్తే పూడ్చేస్తా. ఈలోగా దాన్నెవరూ ముట్టుకోవద్దు," అన్నాడు గడపతో.

ముట్టుకోకుండా ఎలా ఉంటుంది? ముట్టుకోకపోతే ఆదివారమే ఆఖరు. ఆయన వీధి మలుపు తిరగ్గానే సుత్తి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాన్న పగిలిన గాజే అతికించి వెళ్ళాడు.