నూట ఎనభై కిటికీలు

సైటు నుంచి ఆఫీసు యజమాని ప్రదీప్‌కుమార్ ఫోన్ చేశాడు.

"అమూల్యా, కోసిగి హాస్టలు కిటికీలకు రెండు రెక్కలు చాలవంట. దోమతెరకు మూడో రెక్క కావాలంట. ఐదింటి లోపల డ్రాయింగు మార్చి పంపాల."

"ఎన్ని కిటికీలకు సార్?"

"అన్నిటికీ."

అన్నీ అంటే నూట ఎనభై.

"పంపకపోతే ఈ పని ఇంకో ఆఫీసుకు పోతాది. అదీ పోయిందంటే మనం షట్టరు దించుకోవాల్సిందే," అని ఫోన్ పెట్టేశాడు.

అప్పటికే మధ్యాహ్నం రెండయింది. కర్నూలు ఎండకు ఫ్యాను కూడా వేడిగాలినే తిప్పుతోంది. అమూల్య గబగబా ఫైలు తెరిచింది. ఈ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరి ఆరు నెలలే అయింది. ఇంట్లో సంపాదన అంటూ ఉన్నది ఆమెదొక్కటే.

కంప్యూటర్లో ఆ కిటికీ మొత్తం ఒకే ముక్క. ఒక్క రెక్కను పట్టుకుందామంటే చిక్కదు. దాన్ని అందరూ కంబన్న కిటికీ అంటారు. ఊళ్లో ఏ ఆఫీసులో చూసినా అదే, ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరు ఎక్కించుకున్నదే. కంబన్న అంటే ఏదో పాత కంపెనీ పేరనుకుని అమూల్య ఎవర్నీ అడగలేదు.

ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. కిటికీని పగలగొట్టి గీతలుగా విడదీయాలి. మూడో రెక్క గీయాలి. ఇంకో కిటికీకి పోవాలి.

ఎనిమిదో కిటికీ దగ్గర ఉండగా తలుపు చప్పుడైంది.

అరవై దాటిన మనిషి. సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో గుడ్డసంచి.

"అమ్మా, ఒక ప్రింటు కావాల."

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు. అమూల్య దాన్ని కీబోర్డు పక్కన పడేసింది.

"కూచో పెద్దాయనా. శానా పని ఉండాది."

"కానీలేమ్మా. నా బస్సు నాలుగింటికి."

కాసేపు బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత లేచి మెల్లగా ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఏం కడతాండారమ్మా?"

"కోసిగిలో హాస్టలు. వలసపోయేటోళ్ల పిల్లలకు."

"మా ఊరే," అన్నాడు సంబరంగా. అంతలోనే తెర మీదికి చూసి మొహం ముడుచుకున్నాడు. "పగలగొట్టొద్దు తల్లీ. ఒక్కదాని లోపలికి పోయి మార్చినావంటే అన్నీ మారతాయి."

అమూల్యకు ఒళ్లు మండింది. ప్రింటు కోసం వచ్చిన ప్రతివాడూ పని నేర్పేవాడే.

కావాలనే ఇంకో కిటికీ పగలగొట్టింది.

"అయ్యో!" అన్నాడాయన.

"ఏం, నీ ఇంటి కిటికీలా? అంత నొప్పి పుడతాండాది?"

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. వెళ్లి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు.

మూడున్నరకు సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"పోయొస్తానమ్మా. ప్రింటు ఇంకోసారి వచ్చి తీసుకుంటాలే."

అమూల్య తల తిప్పలేదు.

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "పగలగొట్టనివి ఇంకా శానా మిగిలుండాయి. ఒక్కదాని మీద రెండుసార్లు నొక్కి చూడు. చెడిపోతే నన్ను తిట్టుకో."

నాలుగూ పది.

ముప్పై ఎనిమిది అయ్యాయి. ఇంకా నూట నలభై రెండు. అమూల్యకు ఏడుపొచ్చింది. ఎటూ మునిగిపోయాం కదా అని ఒక కిటికీ మీద రెండుసార్లు నొక్కింది.

ఆ ఒక్క కిటికీ విడిగా తెరుచుకుంది. దానికి మూడో రెక్క గీసి, సేవ్ చేసి బయటికొచ్చింది.

నూట నలభై రెండు కిటికీలకూ మూడో రెక్క వచ్చేసింది.

అమూల్య ప్లానంతా ఒకసారి తిప్పి చూసుకుంది. తను పగలగొట్టినవాటిని చెరిపేసి వాటి చోట మంచి కిటికీలు పెట్టింది. ఐదుకు పది నిమిషాలుండగా డ్రాయింగు వెళ్లిపోయింది.

"బతికించినావు తల్లీ," అన్నాడు ప్రదీప్‌కుమార్ ఫోన్లో.

"నేను కాదు సార్. ఎవరో పెద్దాయన చెప్పినాడు."

"ఎవరాయన?"

"పేరు అడగలేదు సార్."

ఆ మాట అంటుంటే ఆమెకే సిగ్గేసింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. కోసిగి బస్సు వెళ్లి గంట కావస్తోంది.

ప్రింటు అయినా తీసి ఉంచుదామని ఆయన పెన్‌డ్రైవ్ పెట్టింది.

అందులో ఒకే ఒక్క ప్లాను, పదహారేళ్ల కిందట గీసినది. రెండు గదుల చిన్న ఇల్లు. ముందు గోడకు రెండు కిటికీలు, ఆమె రోజూ చూసేవే.

కింద మూలన చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఇంటి యజమాని: కంబన్న, కోసిగి. గీసినది: కంబన్న."