రెండు మంచాల మధ్య బల్ల

ఒత్తులు తప్పుగా పడితే సర్దుకుని చదవండి. అక్షరాలు నాకు తల నెరిశాక పట్టుబడ్డాయి. చెయ్యి ఇంకా మెల్లగానే సాగుతుంది. అందుకే కథ కూడా చిన్నదే.

ఆ మనిషి మళ్లీ వచ్చింది.

ఇల్లాలు వంటగదిలో కప్పు తుడుస్తూ ఓరకంట చూసింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా పట్టపగలే వస్తుంది. సరిగ్గా కంటికి ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది. ఒళ్లో భోజనం డబ్బా. దాని మూత తియ్యకముందే ఆయన ముఖం విప్పారుతుంది.

పోనీ అందగత్తెనా అంటే అదీ కాదు. ఎత్తు పళ్లు. చదువు సంధ్యలు లేవు. నవ్విందంటే నాలుగు గదులకి వినబడుతుంది.

ఇల్లాలు అలా కాదు. తలలో ఒక్క వెంట్రుక చెదరదు. ఇల్లు అద్దంలా ఉంటుంది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి చేతిలో టీ కప్పు సిద్ధం. "చూడు, కాపురమంటే అదీ" అని ఎందరో ఆడవాళ్లు తమ మొగుళ్లని సాధించేవాళ్లు.

అంతటి కాపురంలోంచి, సాయంత్రమయ్యేసరికి, ఆయన ఆ మనిషి వెంట వెళ్లిపోతాడు. దాపరికమన్నా ఉండదు.

ఇంట్లోవాళ్ల తీరు మరీ ఘోరం. ఆ మనిషి రాగానే కుర్చీ వేస్తారు, మంచినీళ్లిస్తారు. చిన్నకొడుకు ఒళ్లోకెక్కి బిస్కెట్లు తింటాడు. అత్తగారు పక్కనే చేరి కబుర్లు పెడుతుంది.

ఆ ఇంట్లో పెద్దాయన మాటకి తిరుగులేదు. పడకగదిలో రెండు మంచాలు, మధ్యలో బల్ల, బల్ల మీద దీపం. అలాగే ఉండాలన్నాడు. నలుగురి కళ్లూ మన మీదే ఉంటాయి, పిల్లలు కూడా చూస్తారు అన్నాడు. ఒకరి మంచం మీద ఇంకొకరు కూర్చోవాల్సి వస్తే ఒక కాలు నేల మీద ఆనే ఉండాలి. కడుపుతో ఉందన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఇంటికి చిన్న చుట్టం వస్తున్నాడు అనాలి.

అలా ఇద్దరు చిన్న చుట్టాలు వచ్చారు. మంచాలు మాత్రం జానెడు కూడా దగ్గరికి జరగలేదు. మరి ఎలా వచ్చారని ఎవరూ అడగలేదు.

ఆయన బయల్దేరేటప్పుడు నుదుటి మీద తగిలీ తగలనట్టు ఒక ముద్దు పెట్టేవాడు. ఆ ఒక్క ముద్దు మీద ఆమె వారమంతా బతికేది.

మొన్న ఆ మనిషి అత్తగారితో అంటున్న మాట చెవిన పడింది.

"ఏం గురక పిన్నిగారూ. చెవికి దిండు అడ్డం పెట్టుకున్నా వినబడుతుంది. పైగా తెల్లారేసరికి నా దుప్పటి కూడా ఆయన మీదే."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఇన్నేళ్లుగా ఇల్లాలు ఆయన పక్క మంచం మీద కళ్లు మూసుకుంటోంది. ఆయన గురక పెడతాడన్న సంగతి ఆమెకి ఇంకో ఆడది చెప్పాల్సి వచ్చింది.

అత్తగారి దగ్గర గోడు వెళ్లబోసుకుంది. ఆవిడ అద్దంలో చూసుకుని పౌడరు అద్దుకుంటూ, నీ హద్దులో నువ్వుండమ్మా అని తేల్చేసింది. ఒక కోడలితో అనే మాటేనా అది?

ఇంతలో ఇంకో కబురు. ఆయన ఇక ఈ ఇంటికి రాడట. ఆ మనిషిని తీసుకుని వేరే ఊరు వెళ్లి స్థిరపడతాడట. పెద్దాయనతో చెప్పేశాడట. ఇవాళే ఆఖరు.

అందరి ముందూ అడిగెయ్యాలనుకుంది. పరువు పోతే పోయింది. మనిషి మిగిలితే చాలు.

దీపం వెలిగింది. ఆయన తన మంచం మీద కూర్చుని పేపరు మడుస్తున్నాడు. ఆమె బల్లని గోడ వారకి జరిపేసింది. వెళ్లి ఆయన మంచం మీద కూర్చుంది. రెండు కాళ్లూ పైన పెట్టుకుంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఇంట్లో నవ్వేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు. ఆయన తుమ్మినా నవ్వుతారు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, వెళ్లకండి."

ఆయన పేపరు పక్కన పెట్టాడు.

"ఇల్లుంది. పిల్లలున్నారు. ఇంతకాలం మీకు గుమ్మంలో ఎదురొచ్చింది నేను. నేనెవర్నండీ మీకు?"

నవ్వు ఆగిపోయింది.

ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. ఇన్నేళ్లూ ఏమోయ్, ఇలా రా, నువ్వు కూర్చో అన్న మనిషి, తలొంచుకుని అన్నాడు.

"మీరు బాగా అలసిపోయారు. కాసిని మంచినీళ్లు తాగండి."

మీరు అన్నాడు. అంతకన్నా చెయ్యి చేసుకున్నా బాగుండేది.

పెద్దాయన దీపం ఆర్పమన్నాడు. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు. చీకట్లో నిలబడ్డ ఆ మనిషి దగ్గరికి నడిచాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఇల్లాలు అక్కడే కూర్చుండిపోయింది. ఆయన పక్క తడిమి చూసింది. దుప్పటి ఎక్కడా నలగలేదు.

ఇట్లు, ఆ మనిషిని: టీవీలో మీరంతా చూసి నవ్విన పెద్దాయన తీసిన ఆ పాత హాస్య సీరియల్లో మొగుడి వేషం వేసినాయనకి అసలు పెళ్లాన్ని, డెబ్బై మూడేళ్లదాన్ని, ఆయన పోయాక, ఇల్లాలి వేషం వేసినావిడ ఇంట్లోనే ఆవిడతో కలిసి ఉంటున్నదాన్ని.