ఏడు, ఏడు, ఏడు, ఆరు

వరదకు పాత వంతెన కొట్టుకుపోయిన ఏడాది. నీళ్లు తీసి నాలుగు నెలలైనా గోడౌన్ గోడ మీద నడుమెత్తున బురద గీత అలాగే ఉంది. ఆ గోడౌన్‌లోనే ముగ్గురూ సాధన చేసేవాళ్లు.

డ్రమ్ములు వాయించేవాడు రేకుల ఫ్యాక్టరీలో బదిలీ మనిషి. ఎవరు రాకపోతే వాళ్ల పని చేస్తాడు. గిటారు వాయించేవాడికి సైకిల్ రిపేరు కొట్టుంది. బేస్ గిటారు పట్టేవాణ్ణి అందరూ బస్తా అంటారు. ఎందుకన్నది చూస్తే తెలుస్తుంది.

వాళ్ల పాటకు మాటల్లేవు. అవే నాలుగు స్వరాలు అరగంట సేపు తిరుగుతాయి. మారేది లెక్క ఒక్కటే. ఏడు దెబ్బలు మూడుసార్లు, నాలుగోసారి ఆరు. వినేవాడి కాలు అక్కడ తడబడుతుంది. ఆ తడబాటే పాట.

ఏడు లెక్క ఫ్యాక్టరీ ప్రెస్‌ది. రేకు లోపల పెట్టాలి, సర్దాలి, చెయ్యి తీయాలి. ఏడో లెక్కకు పెడల్ తొక్కితే ప్రెస్ దిగుతుంది. ఆ రేకులు పెట్టేది డ్రమ్మర్ బావ, అక్క మొగుడు. పాట కోసం చిన్న టేప్ రికార్డరు అన్నం సంచిలో పెట్టుకెళ్లి, ఆ మోత పట్టి తెచ్చేవాడు.

"ఎనిమిది గంటలు అక్కడ వింటాను. ఇక్కడికొస్తే మళ్లీ ఇదేనా? ఓవర్‌టైమ్ మీరిస్తారా?" అనేవాడు. అని, కూర్చుని చివరిదాకా వినేవాడు.

ఆరు లెక్క మాత్రం డ్రమ్మర్ తెచ్చిందే. మూడు నెలలు దాన్నే పట్టుకు కూర్చున్నాడు. అన్నం దగ్గర వేళ్లు అదే కొట్టేవి. బస్సులో మోకాళ్లు అదే కొట్టేవి.

ప్రెస్ కింద చెయ్యి పడి బావ పోయి పదిహేను రోజులైంది. ఆ తర్వాత ముగ్గురూ కలవడం ఆ సాయంత్రమే.

"మళ్లీ ఏడే కొట్టావు," గిటారు ఆపి అన్నాడు సైకిల్ కొట్టువాడు. "నువ్వు పెట్టిన లెక్క నువ్వే మర్చిపోతే ఎలారా?"

"పోనీలే. ఇంట్లో మనిషి పోయాడు," అన్నాడు బస్తా.

తలుపు దగ్గర డ్రమ్మర్ అక్క నిలబడి ఉంది. చేతిలో మొగుడి అన్నం సంచి.

"ఫ్యాక్టరీ వాళ్లు ఇవాళ ఇచ్చారు. చొక్కా, క్యారియరు, మీ రికార్డరు. ఇది నేనేం చేసుకోను? మీరే ఉంచుకోండి."

బోర్లించిన పెట్టె మీద కూర్చుంది.

"రేపే ఆఖరి విచారణట. ఆయన కునుకు తీశాడట. చెయ్యి తీయడం ఆలస్యమైందట. చూసినవాడెవడో రాసిచ్చాడట. పేరు చెప్పరు." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వూ ఆ వేళే పని వదిలి నీళ్లకని కుళాయి దగ్గరికి పోవాలా? నువ్వుంటే వాడా మాట రాసేవాడా?"

అతను డ్రమ్ము పుల్లలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పదహారేళ్లు చేశాడు ఆయన ఆ పని. పిల్లదాన్ని బళ్లో అడిగారట, మీ నాన్న నిద్రపోయి చచ్చిపోయాడా అని. ఆయన ఎలాగూ రాడు. ఆ మాటైనా పోవాలి."

సైకిల్ కొట్టువాడు రికార్డరు మూత తీశాడు. "లోపల క్యాసెట్ ఉంది. ఆ రోజుదే."

"వద్దు," అన్నాడు డ్రమ్మర్. "అక్క ముందు వద్దు."

"పెట్టు నాయనా," అంది అక్క.

ప్రెస్ మోత మొదలైంది. ఏడు. ఏడు. ఏడు. చాలాసేపు అంతే. బస్తా వేళ్లు మడుస్తూ పోయాడు. ఒకసారి ఆరో వేలు దగ్గరే ప్రెస్ పడింది. తర్వాత పరుగుల చప్పుడు.

సైకిల్ కొట్టువాడు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆరే.

"ముందు పడింది. ఒక లెక్క ముందు పడింది."

"అచ్చం మన పాట లాగా," అని బస్తా నాలుక కరుచుకున్నాడు.

"అంటే?" అంది అక్క.

"అంటే బావ తప్పేం లేదక్కా. ఆయన చెయ్యి లెక్క ప్రకారమే లోపల ఉంది. ప్రెస్సే చెడింది."

ఆమె చేత్తో నోరు మూసుకుంది. పదిహేను రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు. ఏడ్చి, మొహం తుడుచుకుని, క్యాసెట్ తీసి తమ్ముడి చొక్కా జేబులో పెట్టింది.

"నన్ను గేటు దాటనివ్వరు. నువ్వయితే అక్కడి మనిషివి. రేపు వాళ్ల చెవిన వెయ్యి."

"ఇదొక్కటే ఉంది, పారేసుకోకు," అన్నాడు సైకిల్ కొట్టువాడు.

"సరే," అన్నాడు డ్రమ్మర్.

"ఇంక వాయించండి," అంది అక్క. "ఆయన బదులు నేను వింటాను."

వాయించారు. ఈసారి ఆరు సరిగ్గా పడింది. ఎన్నిసార్లు తిరిగినా పడింది.

మర్నాడు పొద్దున, క్యాసెట్ జేబులో ఉంచుకునే అతను విచారణ గదిలో నిలబడి, ఆ రోజు ప్రెస్ పెడల్ మీద ఉన్న కాలు తనదేనని, తాను ఏడుకే తొక్కానని, బావే కునుకు తీసి చెయ్యి తీయడం ఆలస్యం చేశాడని, రెండోసారి రాసిచ్చి సంతకం పెట్టాడు.