టూవా పొట్ట

"ఆ పొట్ట ఎప్పట్నుంచి అలా ఉంది?"

ఆసుపత్రి బల్ల మీద పక్కనే కూర్చున్న ముసలావిడ అడిగింది.

మరిత్ తన పది నెలల పాప టూవాకి చలికోటు విప్పుతోంది. టీకా వేయించడానికి వచ్చింది. ఉత్తర స్వీడన్‌లో అది నడి చలికాలం.

"పాలు బాగా తాగుతుంది. బొద్దుగా ఉంది, అంతే."

"కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. పొట్ట ఒక్కటే ఉబ్బితే బొద్దు అనరు అమ్మాయ్."

మరిత్‌కి ఒళ్లు మండింది.

"మీరు డాక్టరా?"

"కాదు."

"అయితే మీ పని మీరు చూసుకోండి."

ఆవిడ చూసుకోలేదు. పిలుపు రాగానే వాళ్ల వెనకే గదిలోకి దూరింది.

"హెడ్మన్ గారూ, ఈ పాప చర్మం కాస్త తీయండి. బఠానీలో సగం చాలు. కణాలు పెంచి చూడండి."

"ఎల్నా, బయట కూర్చోండి," అన్నాడు డాక్టర్.

అన్నాడే గానీ, పాప పొట్ట నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు.

చర్మం తీస్తుంటే టూవా గుక్కపట్టి ఏడ్చింది.

"పసిదాన్ని కోయించారు! ఇప్పుడు తృప్తిగా ఉందా?" బయటికొచ్చి మరిత్ ఆవిడ మీద విరుచుకుపడింది.

ఎల్నా పాప కాలి నుంచి జారిన మేజోడు పైకి లాగింది.

ఆరు వారాలకి ఫలితం వచ్చింది. పాప కణాల్లో ఒక రకం కొవ్వును కరిగించే ఎంజైము దాదాపు లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ తెలియకుండా ఇచ్చిన జబ్బు.

"ఎముకల్ని పట్టకముందే దొరికింది. మందుంది," అన్నాడు డాక్టర్.

రెండు వారాలకోసారి పెద్ద ఊరికి తీసుకెళ్లి ఆ మందు నరంలోకి ఎక్కించారు. పొట్ట తగ్గింది. మూడేళ్లు నిండాక టూవా స్కీలు తొడుక్కుని తండ్రిని తరిమింది.

ఆ మర్నాడే మరిత్ పళ్ల జామ్ సీసాతో డాక్టర్ దగ్గరికొచ్చింది.

"ఎల్నా గారికివ్వాలి. క్షమించమని అడగాలి."

హెడ్మన్ కళ్లజోడు తీశాడు.

"పోయిన శరత్కాలంలో చనిపోయింది మరిత్."

మరిత్ సీసాని ఒళ్లో పెట్టుకుంది.

"నర్సుగా చేసేదా?"

"పాల లారీ నడిపేది. ముగ్గురు పిల్లల్ని కన్నది. ముగ్గురూ ఈ జబ్బుతోనే పోయారు. అప్పటికి పరీక్ష లేదు."

"మరి ఇక్కడ దేనికి చూపించుకునేది?"

"దేనికీ కాదు. ఈ పరీక్ష వచ్చిందని తెలిసినప్పట్నుంచీ, ఇరవై రెండేళ్లు, ప్రతి బుధవారం మొదటి బస్సుకొచ్చి ఆ బల్ల మీద కూర్చునేది, టీకాలకొచ్చే పిల్లల పొట్టలు చూడటానికి."