కరివేపాకు పెట్టెకి మట్టి

ఇప్పుడు పోయినవాళ్ళని కాల్చరు, పూడ్చరు. మట్టి చేసి సంచిలో ఇంటికి పంపుతారు. మా ఆవిడ పైడమ్మ నిన్న వచ్చింది.

ఆమె చిన్న డబ్బాలో పెంచిన కరివేపాకు మొక్క కోసం బాల్కనీలో పెట్టె చేయించాను. మనవరాలు సుగుణ పొడుగూ వెడల్పూ లోతూ గుణించి చూసింది.

"నాయనమ్మ సరిపోదు తాతా. మూడో వంతు తక్కువ. పల్చగా పోస్తే వేరు దిగదు, మొక్క చచ్చిపోద్ది. దుకాణం మట్టి కొందామా?"

"వద్దమ్మా. అది ఎవరి మనిసో ఏటో."

ఎదురింటి నీలవేణి గుమ్మంలో నిలబడి వింది. లోపలికెళ్ళి ఒక సంచి తెచ్చింది.

"మా ఆయన కొంచెం మిగిలాడన్నా. పోసుకో."

ఆయనకీ మా ఆవిడకీ బతికినన్నాళ్ళూ నీళ్ళ కుళాయి దగ్గర తగువే.

"పైడమ్మ ఊరుకోదు చెల్లీ" అన్నాను.

"ఇంకేటి చేస్తాదన్నా" అని కళ్ళు తుడుచుకుంది.

రెండు సంచుల మట్టీ నా చేత్తోనే కలిపాను. సుగుణ పెట్టె అంచుదాకా పోయబోతే ఆపాను.

"రెండు వేళ్ళు వెలితి ఉంచమ్మా."

"నీళ్ళు నిలవడానికా తాతా?"

"ఇప్పటికి నీళ్ళకి. తరవాత నాకు."