మంజీర నడుమ గొంతు

కాన్పు చేసి తిరిగొస్తున్న నర్సు దానమ్మకు తోడుగా పడవ నడిపే ఎల్లం లాంతరు పట్టుకొని, ఎండిన మంజీర ఇసుకలో మెదక్ వైపు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి మడుగుల్లో కప్పలు నోరు మూశాయి. తాబేళ్లు గుంపుగా ఒడ్డెక్కసాగాయి.

"ఉరుకుండ్రి నర్సమ్మా! మంజీరమ్మ వస్తున్నది!"

వాళ్లు గట్టెక్కగానే నది వచ్చింది. ఇసుమంతైనా చప్పుడు లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ల నిండా చుక్కలే. అంత అందం దానమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

అప్పుడు ఏటి నడుమ నుంచి అచ్చం ఎల్లం గొంతు వినిపించింది.

"నర్సమ్మా, జర ఇటు రాండ్రి!"

పక్కనే ఉన్న ఎల్లం గబుక్కున లాంతరు ఆర్పేశాడు.

"పలుకకుండ్రి," అన్నాడు. "నన్ను మీ గొంతుతోని పిలుస్తున్నది."