సుల్తాన్ సంతానం

“మేడమ్, ఒక్కటే అడుగుతాను. ఇది వంశంలో వచ్చేదా, కాదా?”

కోడె మెడతాడు బిగించి పట్టుకుని అడిగాడు నవదీప్. ఢిల్లీ శివార్లలో నజఫ్‌గఢ్ దగ్గర అతని పాల డెయిరీ షెడ్డులో పశువుల డాక్టర్ వసంతకుమారి మోకాళ్ల మీద కూర్చుని కోడె పొట్ట కిందికి చూస్తోంది. మూత్రాంగం తొడుగులోంచి లోపలి పొర జానెడు బయటికి జారి, వాచిపోయి, ఎర్రగా వేలాడుతోంది.

“దెబ్బ తగిలినా ఇలా అవుతుంది,” అంది తలెత్తకుండా.

“సుల్తాన్‌ని కొన్నప్పుడు దానికీ ఇలాగే ఉంటే అదే అన్నారు. మీ మాట మీదే ఆ ఆబోతుని కొన్నాను. దాని పిల్లల్లో ఇలా అయింది ఇది మూడోది.”

ఆమె ఉప్పునీళ్లతో పొరని కడగసాగింది.

“మొదటిదానికి వచ్చినప్పుడు కంచె గీసుకుందేమోనని కంచె పీకించేశాను. రెండోదానికి వచ్చినప్పుడు గచ్చు తవ్వించి ఇసక పోయించాను. అప్పటికీ అనుమానం తీరక, పశువుల్ని చూసే రాంఫల్ కర్రతో కొడుతున్నాడేమోనని వాణ్ణి పనిలోంచి తీసేశాను. ‘పిల్లల మీద ఒట్టు సాబ్, నేను కొట్టలేదు’ అని ఏడ్చాడు. నేను నమ్మలేదు.”

వసంతకుమారి చేతిలో దూది పక్కన పెట్టేసింది.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఏదో గోదాములో మూటలు మోస్తున్నాడట.”

ఆమె లేచి నిలబడి గ్లౌజులు తీసేసింది.

“అతని తప్పేం లేదు, నవదీప్ గారూ. కంచెదీ కాదు, గచ్చుదీ కాదు. తప్పు నాది. సుల్తాన్‌కి ఏ దెబ్బా తగల్లేదు. దాని తండ్రికీ ఇదే ఉండేది. అలాంటి ఆబోతుని ఆవుల మీదికి వదలకూడదు. తెలిసి తెలిసీ గాయమని రాసిచ్చాను. మీకు దాన్ని అమ్మినాయన జనక్‌పురిలో మా ఇంటి ఓనరు. కాదంటే ఇల్లు ఖాళీ చేయమంటాడని భయపడ్డాను.”

నవదీప్ మెడతాడు మీద పట్టు సడలించాడు.

“మీ ఫోన్ వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతారని వణికేదాన్ని. చర్చిలో ప్రతి ఆదివారం మోకరించి ఒప్పుకుంటున్నాను. మీ ముందు మాత్రం నోరు రాలేదు. నా మీద ఫిర్యాదు చేయండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను.”

అతను కోడెని గుంజకి కట్టేశాడు. లోపలికెళ్లి కుర్చీ తెచ్చి వేసి, గ్లాసుతో మంచినీళ్లిచ్చాడు.

“ఫిర్యాదెందుకండీ? ముందు రాంఫల్‌కి ఫోన్ చేసి పిలిపిస్తాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. మీరు ఇంత చెప్పారంటే చిన్న విషయం కాదు.”

వసంతకుమారి చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఆ కాగితం రాసిచ్చిన మూడేళ్లలో మొదటిసారి ఆ షెడ్డులో ఆమెకి ఊపిరాడినట్టయింది.

ఆమె తేరుకుంది. నవదీప్ కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఒక్క సాయం చేయండి మేడమ్. సుల్తాన్‌ని కొనడానికి రేపు రోహ్తక్ నుంచి మనుషులొస్తున్నారు. మిమ్మల్నే అడుగుతారు. నాకు చెప్పిన ఈ మాట వాళ్లకి మాత్రం చెప్పకండి.”